జోడు చుక్కలు

"కొత్త చెప్పులు వేసుకుని ఎవరైనా సరాసరి పెళ్ళికి పోతారా? ముందు ఇంట్లో నాలుగడుగులు వేసి చూసుకోరూ?" అంది టైలరమ్మ మొగుడితో. పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఆ మాట ఆమె అనడం అది మూడోసారి.

"గిటారుకీ చెప్పులకీ పోలికేమిటే?" అన్నాడు మాస్టారు, అద్దంలో తన మొహంతోనే వాదిస్తున్నట్టు గడ్డం గీసుకుంటూ. "గిటారంటే గిటారే. ఆరు తీగలు. ఆ పరీక్ష పెట్టే కాలేజీ వాళ్ళ దానికేమైనా ఏడో తీగ ఉంటుందా?"

"ఏడో తీగ ఉండదు. క్లిప్పు ఉండదు."

"లేకపోతే మనం పట్టుకెళ్ళి పెట్టుకుంటాం."

"పెట్టనివ్వరట. అడిగాను. గిటారు వాళ్ళదే, వాళ్ళు ఎలా ఇస్తే అలాగే వాయించాలట. అందుకే ఒక్కసారి ఆ కీబోర్డు అన్నయ్యగారి కొట్టుకి తీసుకెళ్ళి, క్లిప్పు లేనిది ఒకటి చేతికిచ్చి చూద్దాం అంటున్నా."

"వాడి కొట్టుకి వెళ్ళి నా కూతురు నేర్చుకునేదేం లేదు."

"మీ ఇద్దరి నోళ్ళకీ చెరో క్లిప్పు పెడితే బావుండును," అంది అత్తగారు కిటికీ పక్క కుర్చీలోంచి. "పాల గిన్నె పొంగిపోతోంది, చూసుకోండి."

పిచ్చుక ఈ గొడవ వినిపించుకోలేదు. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉంటుందని చిన్నప్పుడు నానమ్మ పెట్టిన పేరు అది. పద్దెనిమిదేళ్ళొచ్చినా పోలేదు. గదిలో మంచం అంచున కూర్చుని గిటారు మెడ మీద వేళ్ళు పరిగెత్తిస్తోంది. పైకి ఒక స్వరవరస, కిందికి ఒకటి, మళ్ళీ పైకి. సోమవారం సంగీత కాలేజీలో ప్రవేశ పరీక్ష. ఏడాదికి ఒక్కసారి. గిటారుకి ఉన్న సీట్లు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. సగం మార్కులు వాయించినందుకు, సగం స్వరాల పేర్లకి, అంటే సి, డి, ఎఫ్, జి లాంటి ఇంగ్లీషు అక్షరాలకి. పరీక్ష పెట్టేవాళ్ళు తీగ నంబరూ స్వరం పేరూ చెప్తారు. చెప్పిన మరుక్షణం వేలు అక్కడ పడాలి. రెండింట్లోనూ గట్టెక్కితేనే సీటు.

ఆ రెండో సగం గురించి ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. ఆ ఇంట్లో పిల్లిని పెంచుకుంటే అది కూడా గిటారు మెడ మీద స్వరాలన్నీ చెప్పేస్తుందని చుట్టాలు వేళాకోళం చేసేవారు. మాస్టారి పద్ధతి అటువంటిది. స్నానాల గదిలోంచి "ఐదో తీగ, సి!" అని అరుస్తాడు. పిచ్చుక అన్నం తింటున్నా సరే ఎడమ చెయ్యి గాల్లో పెట్టి "రెండో చుక్క" అనాలి. అత్తగారు మాత్రలు మింగుతూ "ఆరో తీగ మీద జి ఎక్కడే?" అంటుంది. టైలరమ్మ తనకు తెలియకుండానే అదంతా వంటబట్టించుకుంది. గిటారు మెడ అంచున ఉండే తెల్ల చుక్కలే వాళ్ళకి దారిలో మైలురాళ్ళు. ఏ చుక్క దగ్గర ఏ తీగ మీద ఏ స్వరమో అందరికీ కంఠతా.

క్లిప్పు సంగతి కూడా చెప్పాలి. మాస్టారు కుర్రతనంలో ఒక పాత గిటారు కొన్నప్పుడే దాని మెడ మీద, అడ్డకడ్డీల మధ్య ఉండే గడుల్లో రెండోదాని దగ్గర, తీగలన్నిటినీ అదిమి పట్టుకుని ఒక ఇత్తడి క్లిప్పు ఉంది. మరలు తుప్పుపట్టి కదిలేది కాదు. గిటార్లన్నీ అలాగే ఉంటాయి కాబోలనుకున్నాడు. ఆ క్లిప్పు దగ్గర్నుంచే గడులు లెక్కపెట్టుకుని, ఒక పాత చార్టు పక్కన పెట్టుకుని, తనంతట తాను నేర్చుకున్నాడు. హోటల్లో సాయంత్రం పూట పాటల బృందంలో ఏళ్ళ తరబడి వాయించాడు. హోటలు పాటలు ఆపేసి అతన్ని దుప్పట్ల స్టోర్‌లో కూర్చోబెట్టాక, ఇంటి దగ్గర పిల్లలకి పాఠాలు మొదలుపెట్టాడు. చేరిన ప్రతి పిల్లా మొదటిరోజే ఒక క్లిప్పు కొనుక్కోవాలి. "మా మాస్టారి దగ్గర అందరికీ క్లిప్పే," అని పిల్లలు గొప్పగా చెప్పుకునేవారు. శ్రుతి చూసే యంత్రం మాత్రం ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. "చెవి ఉన్నవాడికి అదెందుకు, కళ్ళున్నవాడికి చేతికర్రలా," అనేవాడు. ఆ చెవే కూతురికీ వచ్చింది.

మాస్టారు పనికి వెళ్ళాక టైలరమ్మ అత్తగారి వంక చూసింది. అత్తగారు కిటికీ వంక చూసింది.

"నాకు చెవుడు," అందావిడ. "సాయంత్రం దాకా."

టైలరమ్మ ఒక పూట సెలవు పెట్టి కూతుర్ని తీసుకుని బయల్దేరింది.

*

కీబోర్డు అన్నయ్యగారి కొట్టు బస్సు డిపో వెనక సందులో ఉంటుంది. అతను ఆ హోటల్ బృందంలో మాస్టారి పక్కనే కీబోర్డు వాయించేవాడు. ఇప్పుడు వాయిద్యాలు బాగుచేసి అమ్ముతాడు. కొట్టంతా జిగురు వాసన. పైకప్పు నుంచి గిటార్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒకటి దించి, గుడ్డతో తుడిచి, పిచ్చుక ఒళ్ళో పెట్టాడు.

"వాయించు తల్లీ. మీ నాన్న చెయ్యి వచ్చిందో లేదో చూస్తాను."

పిచ్చుక తీగలన్నీ ఒకసారి మీటింది. మొహం చిట్లించింది. మళ్ళీ మీటింది.

"శ్రుతి దిగిపోయింది బాబాయ్."

"ఇప్పుడే కట్టానమ్మా."

"లేదు. అన్నీ కిందికి ఉన్నాయి." ఆమె గొంతులో అనుమానం లేదు. తండ్రి గొంతే అది. మరలు తిప్పడం మొదలుపెట్టింది. తీగలు సన్నగా మూలుగుతూ పైకి వెళ్ళాయి. "ఇంకా రావాలి," అని మొదటి తీగ మరని మరికాస్త తిప్పింది.

తీగ టప్పున తెగింది. తెగిన కొస ఆమె మణికట్టు మీద చురక పెట్టి ఎర్రటి గీత గీసింది.

టైలరమ్మ గబుక్కున లేచింది. అతను లేవలేదు. పిచ్చుక వంక వింతగా చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఆరో తీగ మీద ఈ మొదటి చుక్క చూడు. అదేం స్వరం?"

"ఎఫ్."

"రెండో చుక్క?"

"జి."

టైలరమ్మ కూడా మనసులో అవే అనుకుంది. అతను తల ఊపలేదు. మెడ మధ్యలో పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల మీద వేలు పెట్టాడు.

"మరి ఈ జోడు చుక్కలు? ఇవి ఇక్కడెందుకు ఉన్నాయి?"

పిచ్చుక నవ్వింది. "అందానికి. ఊరికే అలంకారం అని నాన్న చెప్పాడు."

అతను ఆ చుక్కల మీంచి వేలు తీశాడు. తర్వాత, "వెనక కుళాయి ఉంది. ఆ చెయ్యి చల్లటి నీళ్ళ కింద పెట్టుకురా తల్లీ," అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఆ జోడు చుక్కల దగ్గర ప్రతి తీగా మళ్ళీ తన సొంత పేరుకే వస్తుంది. గిటారు పట్టుకున్న పిల్లలకి మొట్టమొదట చెప్పే సంగతి అది. గడులు మెడ మొదట్నుంచి లెక్కపెట్టాలి. మీ ఇంట్లో క్లిప్పు దగ్గర్నుంచి లెక్కపెట్టడం వల్ల అది రెండు గడులు పక్కకి జరిగింది. చుక్కల్ని చూసి ఈ పిల్ల నేర్చుకున్న పేర్లన్నీ రెండు గడులు తప్పు. ఒక్కటి కూడా సరైంది లేదు."

"వాయించేది బాగానే ఉందిగా?"

"వాయించేది బంగారం. వేళ్ళకి పేర్లతో పనిలేదు. పేర్లే తప్పు. చెవి కూడా ఆ తప్పుకే అలవాటు పడింది. జి మోగితే ఎఫ్ అంటుంది. కన్నూ చెవీ రెండూ ఒకే అబద్ధం చెప్తుంటే పిల్లకెలా తెలుస్తుంది?"

టైలరమ్మ బల్ల అంచు పట్టుకుంది. కొస రెండంగుళాలు తెగిపోయిన టేపు ఆమె కళ్ళముందు మెదిలింది. దాంతో కొలిచి కత్తిరించినంతసేపూ చొక్కా చేతులు రెండూ సమానంగానే వస్తాయి. తొడుక్కునే మనిషి వచ్చినప్పుడు కదా బయటపడేది.

"మరి ఆయన అన్నేళ్ళు హోటల్లో ఎలా వాయించారు? మీరంతా పక్కనే ఉన్నారుగా?"

అతను తెగిన తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. "చేరిన మొదటి వారం చెబుదామనే అనుకున్నాను. మీ ఆయనేమో అందరి ముందూ, 'కీబోర్డు శ్రుతి తక్కువగా ఉంది, సరిచేసుకోండి' అన్నాడు నాతో. పాడే ఆయన కూడా ఆ ఎత్తే తన గొంతుకి బావుందన్నాడు. కీబోర్డుకి ఒక బటన్ ఉంటుంది, నొక్కితే మొత్తం రెండు మెట్లు పైకి జరుగుతుంది. కొత్త మనిషితో తగువెందుకులే అని నొక్కేశాను. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది."

"ఎన్నాళ్ళు?"

"పాటలు ఆపేసేదాకా."

కుళాయి చప్పుడు ఆగింది. టైలరమ్మ తెగిన తీగకి డబ్బు తీయబోయింది. అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అదే గిటారుకి కొత్త తీగ కట్టి, "సోమవారం దాకా మీ దగ్గరే ఉంచుకోండి," అని సంచిలో పెట్టి ఇచ్చాడు.

బస్సులో పిచ్చుక చాలాసేపు మణికట్టు మీది గీతనే చూసుకుంది. దిగే ముందు అడిగింది.

"అమ్మా, ఆయన గిటారు తప్పా, మనది తప్పా?"

చెప్తే ఉన్న ధైర్యం పోతుంది. చెప్పకపోతే సీటు పోతుంది. అడకత్తెరలో పోకచెక్కంటే ఇదేనేమో అనుకుంది టైలరమ్మ. కానీ అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"మనది," అంది. తనకు అర్థమైనంతవరకూ విడమరిచి చెప్పింది.

పిచ్చుక ఏడవలేదు. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. చివరికి, "నాన్నకి చెప్పొద్దు," అంది.

"చెప్పకుండా ఎలాగే?"

"పరీక్ష అయ్యేదాకా. నేను మార్చేసుకుంటాను. నాన్న మొహం చూస్తూ మాత్రం మార్చుకోలేను."

*

శనివారమంతా టైలరమ్మ పనిచేసే చోటే గడిచింది. డ్రైక్లీనింగ్ దుకాణం వెనక బట్టలు సరిచేసే గది ఆమెది. ఇస్త్రీ ఆవిరి, గోడలకి జీన్స్ ప్యాంట్లు, రెండు మిషన్లు. పిచ్చుక అరువు గిటారు పట్టుకుని మడిచిన కోట్ల మధ్య కూర్చుంది. టైలరమ్మ జిప్పు కుడుతూ అడగాలి.

"నాలుగో తీగ, ఎఫ్."

వేలు రెండో చుక్క వైపు దూకింది. దారిలో ఆగింది. వెనక్కి వచ్చి మొదటి చుక్క మీద పడింది.

"ఆలస్యం," అంది టైలరమ్మ.

"తెలుసు."

"మూడో తీగ, సి."

మళ్ళీ అదే. ముందు తప్పు చోటికి, అక్కణ్ణుంచి సరైన చోటికి. మామూలుగా నడిచే మనిషి హఠాత్తుగా ఏ కాలు ముందు వేయాలో ఆలోచించడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఘోరమేమిటంటే, సరిదిద్దాల్సిన టైలరమ్మ మనసు కూడా పాత దారే పడుతోంది. ఒకసారి పిచ్చుక సరిగ్గా పెడితే ఈమె "తప్పు" అంది. పిచ్చుక వేలు తీసేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు కూడా నాన్న క్లాసేగా," అంది పిచ్చుక. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు.

అరువు గిటారు దుకాణంలోనే దాచి ఇంటికి వచ్చేసరికి మాస్టారు తయారుగా ఉన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, గది గుమ్మంలో నిలబడి, "రెండో తీగ, డి!" అన్నాడు హుషారుగా.

ఇక్కడ పాత పేర్లు చెప్పాలి. పిచ్చుక నోరు తెరిచి, మూసి, "రెండో చుక్క," అంది.

"ఏమిటా నాన్చుడు? ఐదో తీగ, సి."

"మొదటి..." నాలిక కరుచుకుంది. "రెండో చుక్క."

"మొదటా రెండా?"

"రెండో చుక్క నాన్నా."

మాస్టారు తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. ఆ రాత్రి భోజనాలయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు. పగలంతా అమ్మ దగ్గర కొత్త పేర్లు, సాయంత్రం నాన్న దగ్గర పాత పేర్లు. నిద్రపోయే ముందు పిచ్చుక రెండు రకాలుగానూ తడబడుతోందని టైలరమ్మకి అర్థమైంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టించింది తామే. నది మధ్యలో ఉంది పిల్ల.

ఆదివారం పొద్దున్న మాస్టారు పిల్లలకి పాఠం చెప్పి పంపించాడు. క్లిప్పులు జేబుల్లో వేసుకుని వాళ్ళు వెళ్ళిపోయాక కూతుర్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఆరో తీగ. జి."

పిచ్చుక వేలు మొదటి చుక్క మీద పెట్టింది. కదపలేదు.

"అది జి యా?"

ఆమె వేలిని ఇంకా గట్టిగా అదిమింది.

"నిన్నటిదాకా కళ్ళు మూసుకుని చెప్పేదానివి. రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ అఆలు మర్చిపోయావా? ఎక్కడుంది మనసు?" గొంతు పెరిగింది. "ఆరో తీగ మీద జి ఎక్కడుందో మీ నానమ్మ చెప్తుంది. అడగనా?"

"రెండో చుక్క," అంది అత్తగారు అలవాటుగా. అని, మొహాలు చూసి, ఊరుకుంది.

పిచ్చుక వేలు ఇంకా మొదటి చుక్క మీదే ఉంది. తీయలేదు.

టైలరమ్మ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అది పెట్టిందే సరైంది. మీరడిగే చోటే తప్పు."

మాస్టారు నవ్వాడు. "టైలరమ్మగారు ఎప్పట్నుంచి పాఠాలు చెప్తున్నారు?"

"నేను చెప్పడం లేదు. జోడు చుక్కలు అందానికి కాదటండీ. అక్కడ తీగ తన పేరుకే తిరిగి రావాలట. మన గిటారులో రాదు. క్లిప్పు వల్ల అన్నీ జరిగిపోయాయి. మీ హోటల్లో కీబోర్డు అన్నయ్యగారు రోజూ బటన్ నొక్కి మీకు సరిపెట్టేవారట. కావాలంటే వెళ్ళి అడగండి."

ఆ మాటలు చాలా తేలిగ్గా వచ్చేశాయి. తీరా వచ్చాక వాటిని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. మాస్టారి మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, మర్చిపోయి వదిలేసిన దీపంలా. తర్వాత లేచి, చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూనే బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రాలేదు. కూర చల్లారింది. అత్తగారు రెండుసార్లు వాకిట్లోకి వెళ్ళి వచ్చింది. పిచ్చుక గది తలుపు వేసుకుంది. లోపల్నుంచి ఒక్క స్వరం లేదు.

చీకటి పడుతుండగా వచ్చాడు. చెప్పులు విప్పి, వంటగదిలో కుళాయి దగ్గర, కీబోర్డు అన్నయ్యగారి కొట్టు జిగురు వాసన వేస్తున్న చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"అప్పట్నుంచీ ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట."

"మేం శుక్రవారం నుంచి. అన్నయ్యగారు ఏళ్ళ తరబడి. మీ కోపం ఎవరి మీద?"

కుళాయి కట్టేశాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏ తీగా అడగలేదు.

*

సోమవారం పరీక్షకి టైలరమ్మే తోడు వెళ్ళింది. మాస్టారు పనికి సెలవు పెట్టాడు గానీ వాళ్ళతో రాలేదు. "నేనుంటే దాని చెయ్యి నా వైపు చూస్తుంది," అన్నాడు, అంతే.

కాలేజీ వసారాలో చెక్క బెంచీలు. తల్లులూ తండ్రులూ గొంతు సవరించుకుంటూ కూర్చున్నారు. గది తలుపు సరిగ్గా మూతపడదు. టైలరమ్మ ఆ సందు పక్కనే చోటు చూసుకుంది.

ముందు వాయించడం. స్వరవరసలు కింది తీగ నుంచి పై తీగకీ, మెడ ఈ చివర నుంచి ఆ చివరకీ తెంపు లేకుండా పారాయి. ఎక్కడా వేలు తడబడలేదు. పక్కన కూర్చున్న ఒకాయన, "ఎవరమ్మాయండీ?" అన్నాడు. "మా అమ్మాయే," అంది టైలరమ్మ. ఆ ఒక్క నిమిషం ఆమెకి ఊపిరి ఆడింది.

తర్వాత లోపల్నుంచి ఒక ఆడగొంతు. "ఐదో తీగ, సి."

నిశ్శబ్దం. ఒక తీగ మోగింది. సరైందో కాదో టైలరమ్మకి తెలియలేదు. ఆలస్యమైందని మాత్రం తెలిసింది.

"నాలుగో తీగ, జి."

మళ్ళీ ఆ ఖాళీ. ఆ ఖాళీలో కూతురి వేలు ఎక్కడికి పరిగెత్తి, ఎక్కడ ఆగి, ఎలా వెనక్కి తిరుగుతోందో టైలరమ్మకి గోడ ఇవతల నుంచే కనిపిస్తోంది. ఆమె ఎడమ చెయ్యి ఒళ్ళో దానంతట అదే కదిలింది. "మొదటి తీగ, జి," అని లోపల్నుంచి వినిపించింది. తీగ వెంటనే మోగింది. ఇది సరైందే అనుకుంది. అంత వెంటనే మోగిందంటే పాత చోటేమో అని మరుక్షణం అనుమానం వచ్చింది.

"తొందరపడకండి," అంది లోపలి గొంతు మెల్లగా. "మళ్ళీ పెట్టండి."

ఆ మెత్తదనం విన్నాక టైలరమ్మకి ఆశ పోయింది. గట్టెక్కేవాళ్ళతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడరు.

కాసేపటికి పరీక్ష పెట్టిన మేడమ్ స్వయంగా బయటికి వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో కళ్ళజోడు. పిచ్చుక వెనకాలే తల వంచుకుని నిలబడింది.

"చెయ్యి పెద్ద క్లాసు చెయ్యి," అందావిడ. "ఇవాళ వచ్చినవాళ్ళలో ఇంత శుభ్రంగా వాయించినవాళ్ళు లేరు. పేర్లు మాత్రం వేరే ఊరి పేర్లు. అడిగింది పెట్టేలోపు మనసులో ఏదో తర్జుమా చేసుకుంటోంది. ఎవరి దగ్గర నేర్చుకుందో నాకనవసరం. ఈ సీటు మాత్రం ఇవ్వలేను."

"వచ్చే ఏడాది?" అంది టైలరమ్మ.

"రాసుకోవచ్చు. లేకపోతే మా దగ్గర సన్నాహక తరగతి ఉంది. గురువారం మొదలు. ఏడాది చదివితే నేరుగా తీసుకుంటాం. కాకపోతే అందులో అందరూ తొమ్మిదేళ్ళు, పదేళ్ళ పిల్లలే. వాళ్ళ పక్కన కూర్చుని మొదటి గడి నుంచి పేర్లు చెప్పుకుంటూ రావాలి. చాలామంది పెద్దపిల్లలు సిగ్గుపడి మానేస్తారు."

"ఇంట్లో మాట్లాడుకుని చెప్తామండీ," అంది టైలరమ్మ.

మేడమ్ లోపలికి వెళ్ళాక పిచ్చుక, "ఉండమ్మా, నీళ్ళు తాగొస్తాను," అని తనూ లోపలికి వెళ్ళింది. కాసేపు పట్టింది. కళ్ళు కడుక్కుంటోంది కాబోలని టైలరమ్మ తొందరపెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పిల్లల చెప్పులు లేవు. పాఠాలు జరగాల్సిన వేళ అది. అత్తగారు గుమ్మంలోనే కోడల్ని ఆపి గుసగుసలాడింది.

"వాకిట్లోంచే పంపించేశాడే పిల్లల్ని. 'నేను చెప్పిన పేర్లన్నీ తప్పర్రా, వారం రోజులు రాకండి, మీ అమ్మానాన్నలతో నేనే మాట్లాడతా' అన్నాడు. ఒక పిల్ల ఏడ్చింది కూడా. నాకే ఎలాగో అయిపోయింది. పిల్లకి వచ్చిందా?"

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది.

భోజనాల దగ్గర పిచ్చుకే చెప్పింది, జరిగింది జరిగినట్టు. మేడమ్ మాటలు, చెయ్యి సంగతీ పేర్ల సంగతీ, దాచకుండా. సన్నాహక తరగతి గురించి కూడా చెప్పింది. పదేళ్ళ పిల్లల పక్కన అన్నప్పుడు మాస్టారి చెయ్యి పళ్ళెంలో ఆగింది.

టైలరమ్మ ఒక పెద్ద పోట్లాటకి సిద్ధమై కూర్చుంది. బస్సులో వస్తున్నంతసేపూ మాటలు పేర్చుకుంది. అవసరం పడలేదు. మాస్టారు గొంతు పెంచలేదు. అలా పెంచి ఉంటేనే బావుండేదేమో.

"నేనొకటి అనుకున్నాను," అన్నాడు కూతురి వైపు చూడకుండా. "కొత్త గిటారు ఒకటి కొందాం. క్లిప్పు లేనిది. నేనూ మొదటి గడి నుంచి మొదలుపెడతాను. ఈసారి పుస్తకం పెట్టుకుని, ఆ కీబోర్డు వాణ్ణి కూడా అడిగి, సరిగ్గా. ఏడాది ఉంది మనకి. ఇద్దరం కలిసి నేర్చుకుందాం. ఆ పసిపిల్లల బెంచీ మీద నువ్వెందుకు కూర్చోవడం? వచ్చే ఏడాది తలెత్తుకుని వెళ్ళి సీటు తెచ్చుకుందువు గాని." పళ్ళెం పక్కకి జరిపి అన్నాడు, "ఈసారి నావల్ల పోదు."

ఆ ఇంట్లో ఆయన ఎవర్నీ అంతగా బతిమాలగా టైలరమ్మ వినలేదు. తను పేర్చుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. అత్తగారు కళ్ళు తుడుచుకుని, "అవునే, వాడు చెప్తున్నాడుగా," అంది మనవరాలితో. టైలరమ్మ కూడా ఒక్క క్షణం ఒప్పేసుకుంటే బావుండుననుకుంది. ఎంత శాంతిగా ఉంటుంది ఇల్లు. సాయంత్రాలు మళ్ళీ ఆ అరుపులు, ఆ నవ్వులు. అలా అనుకున్నందుకు ఆమెకే భయం వేసి, కూతురి వంక చూసింది.

పిచ్చుక మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. తండ్రి వైపు చూసింది. తర్వాత నానమ్మ వైపు, అమ్మ వైపు.

"నువ్వు నేర్చుకో నాన్నా," అంది. "నేను మాత్రం గురువారం నుంచి అక్కడికే వెళ్తున్నాను. పొద్దున్న నీళ్ళు తాగుతానని లోపలికెళ్ళి పేరు రాయించుకునే వచ్చాను."

గొంతు పెంచకుండానే అంది. బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ వినబడింది.